పెరటితోటకు వసంతపు పని: కొట్టవలసిన కొమ్మలు, నాటవలసిన మొక్కలు

వరికుప్పలు నూర్చుట ముగిసి, మాగాణిలో మినుము కాయపట్టి, చేలపనులలో కొంత తీరిక చిక్కు మాఘమాసమున కృష్ణా డెల్టాలోని గృహస్థుల దృష్టి సహజముగా ఇంటి పెరటి మీదికి మరలును. వానకాలమున విడిచిపెట్టిన తీగలు గోడల నెక్కి, మందారములు కిటికీలను కప్పి, అరటి పిలకలు గుంపులుగట్టి, నడచుటకు దారి లేకుండ నుండును. ఒక ఆదివారమునాడు కత్తి చేతబట్టి యంతయు నరికివేసి, నర్సరీనుండి పది మొక్కలు తెచ్చి నాటి, ఉగాదికి పెరడు కొత్తదైనదని సంతోషించువారు పెక్కుమంది కలరు. ఆ పది మొక్కలలో రోహిణీకార్తె దాటి బ్రతికి బట్టకట్టునవి రెండో మూడో. నరికిన చెట్లలో ఆ యేడు పూయక కాయక పోవునవి మరి కొన్ని. ఈ నష్టమునకు ఎండ కారణమనియు, చీడ కారణమనియు, మొక్క మంచిది కాదనియు చెప్పుకొందురే గాని, పని జరిగిన వేళ తగినదియా కాదా యని విచారించువారు తక్కువ.

వసంతమను మాటలోనే ఈ చిక్కు కలదు. తోటపనిని గూర్చిన పుస్తకములును, నేడు చేతిలోని ఫోనులో కనబడు వీడియోలును పెక్కు శీతదేశములలో పుట్టినవి. అచ్చట వసంతమనగా మంచు కరగి, నేల వెచ్చబడి, మొక్కకు ముందు కొన్ని మాసముల పెరుగుదల మొదలగు కాలము. కావున అచ్చటివారు వసంతమున కొమ్మలు కత్తిరింతురు, చెట్లు నాటుదురు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున 1872వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన వృక్షారోపణ దినమును జరుపుకొనుట ఆ దేశపు శీతోష్ణస్థితికి తగియున్నది. మన దేశమున 1950లో కె. ఎం. మున్షీగారు కేంద్రమంత్రిగా నుండి వనమహోత్సవమును ఆరంభించినప్పుడు దానికి జూలై మాసమును ఎన్నుకొనిరి. మన వసంతము పెరుగుదలకు తలుపు కాదు, వేసవికి వాకిలి. చైత్రము పుట్టిన రెండు మాసములలో విజయవాడలో ఎండ 45 డిగ్రీలను తాకిన సంవత్సరములు కలవు. అంతలో ఎంతటి లేత వేరైనను నేలలోనికి మూరెడు దిగజాలదు.

కాబట్టి మన పెరటిలో కొమ్మలు కొట్టుపని చలి యుండగనే, అనగా మాఘము ముగియులోపల, ముగించుకొనవలెను. నాటుపనిలో మూడు నాలుగు మాసములలో కాసి ముగియు కూరపాదులకును ఆకుకూరలకును మాత్రమే ఇప్పుడు తావీయవలెను. పండ్లచెట్లును పూలచెట్లును మృగశిర కార్తె వరకు ఆగవలెను. ఈ యాగుట చాలమందికి కష్టముగ తోచును గాని, నీటికిని శ్రమకును ధనమునకును ఇందులోనే ఆదా కలదు.

బెంజ్ సర్కిల్ చుట్టుపట్ల ఇండ్లను చూచినచో ఈ విషయము బాగుగ బోధపడును. చెన్నై నుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదునుండి బందరుకు పోవు రహదారియు కలియు ఆ కూడలికి ఒక జర్మను మోటారుబండి పేరు స్థిరపడినది. దాని నానుకొనియున్న పటమట, పటమటలంక, మొగల్రాజపురము, గురునానక్ కాలనీలలో అంతస్తుల మేడల నడుమ పెరడు గల పాత యిండ్లు కొన్ని మిగిలియున్నవి. వాని యజమానులలో డెల్టా గ్రామములందు పొలము గలవారు లేకపోలేదు. పిల్లల చదువులకై పట్టణమున ఇల్లు కట్టుకొనిరి. ఆ పిల్లలు పెద్దవారై అమెరికాకో ఆస్ట్రేలియాకో తరలిపోగా, తల్లిదండ్రులు ఆరు మాసములు అచ్చటను ఆరు మాసములు ఇచ్చటను గడపుచున్నారు. తాళము వేసియున్న ఆరు మాసములలో పెరడు అడవి యగును. సంక్రాంతికి తిరిగివచ్చిన పెద్దలకు ముందుగా కనబడునది ఈ యడవియే. పనివానిని పిలిచి యంతయు నరికించుటకు అప్పుడు మనసు తొందరపడును. ముప్పది సంవత్సరముల క్రిందట నాటిన జామచెట్టు ఒక్క పూటలో పోవుట ఇట్లే జరుగును.

ఆ ప్రాంతపు నేలయు తెలిసికొనదగినది. మూలమున అది డెల్టా నల్లరేగడియే. ఏటి దరికి పోయినకొలది ఒండ్రు. కాని యిల్లు కట్టునప్పుడు మెరకకై తోలిన గరుసు, మిగిలిన సున్నము, సిమెంటు పెళ్ళలు పైన జానెడు రెండు జానల మందమున పరచుకొనియుండును. పైగా రహదారి దుమ్ము ఆకులమీద పేరుకొనును. దుమ్ము పట్టిన యెండుటాకున ఎర్రనల్లి త్వరగ హెచ్చును. వారమునకొకసారి తెల్లవారుజామున నీటితో ఆకులను కడుగుట ఖర్చులేని మందు.

*చూచి కొట్టవలెను*

మొదటి దినమున కత్తి ముట్టక, పెరడంతయు తిరిగి చూచుట మంచిది. ఏ చెట్టు పూతమీద నున్నది, ఏది పిందెమీద నున్నది, ఏది చచ్చినది, ఏది నిద్రించుచున్నది గుర్తింపవలెను. ఆకులేని కొమ్మ చచ్చినదని యనుకొనరాదు. గోటితో బెరడు కొంచెము గీచినచో లోన పచ్చదనము కనబడిన కొమ్మ సజీవము. గోధుమరంగై పొడిగ నున్నది నిర్జీవము. 2024 సెప్టెంబరు మాసమున బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీట మునిగినప్పుడు ఈ పరీక్ష ఎంతయు అక్కరకు వచ్చు సందర్భమేర్పడినది. బొప్పాయి నీరు నిలిచిన రెండు దినములకే చచ్చును. జామ ఆకు రాల్చియు మరల చిగిర్చు శక్తి గలది. అట్టి చెట్టునకు ఒక ఋతువైనను గడువీయక మొదలంట కొట్టుట అన్యాయము.

ఇప్పుడు ముట్టరాని చెట్లను ముందు చెప్పుదుము. మామిడి పూతమీదను పిందెమీదను ఉండును గనుక దానిని కాయలు దిగిన పిమ్మట, జూన్ జూలై మాసములలోనే సవరింపవలెను. మునగయు అంతే. అది ఇప్పుడు పూతకు వచ్చి వేసవియంతయు కాయనిచ్చును. కాపు ముగిసిన తరువాత నేలనుండి సుమారు గజము ఎత్తున మొదలు నిలిపి కొట్టినయెడల కొత్త కొమ్మలు పుట్టి మరుసటి కాపు చేతికందును. మునగకర్ర పెళుసు; తుపాను గాలికి మొదట విరుగునది అదియే గనుక దానిని పొట్టిగ నుంచుట ఇంటి పైకప్పునకును క్షేమము. కొబ్బరికి ఎండి వ్రేలాడు మట్టలను మాత్రమే తీయవలెను. శుభ్రత పేర పచ్చమట్టలను కొట్టి చెట్టు తలను చీపురుకట్టవలె చేయు అలవాటు నగరములో ప్రబలుచున్నది. పచ్చని మట్టయే గెలకు ఆహారము నిచ్చునది. పచ్చిగాయపు వాసనకు ఎర్రముక్కుపురుగు వచ్చును.

మల్లెను గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది, ఏలయన మన యిండ్లలో కొమ్మ కొట్టుటకు వెనుదీయు మొక్కలలో ఇదియే మొదటిది. కొట్టినందువలన మిక్కిలి ప్రతిఫలమిచ్చునదియు ఇదియే. గుండుమల్లె కొత్తగ పుట్టిన రెమ్మల కొనలయందు మొగ్గ తొడుగును. ముదురుతీగ యెంత పెరిగినను ఆకు తప్ప పువ్వు తక్కువ. మల్లెతోటలు పెంచు రైతులు చలికాలమున పాదులకు నీరు ఆపి, ఆకు వడలిన పిమ్మట గొర్రెలను తోలి మేపించి, సంక్రాంతి ప్రాంతమున మొక్కలను కత్తిరించి, తరువాత ఎరువు వేసి నీరు పెట్టుదురు. మైలవరమువైపు మల్లెతోటలు చూచినవారికి మోడువారిన మొక్కలు చైత్రమునాటికి తెల్లగ విరియుట క్రొత్త కాదు. ఇంటిలో గొర్రెలు లేకున్నను క్రమము అదియే. పది పదునైదు దినములు నీరాపి, ఆకు దూసివేసి, నేలనుండి మూరెడు మొదలు మూరన్నర యెత్తున అన్ని తీగలను కత్తిరింపవలెను. ఎండుపుల్లలను, సన్నని బలహీనపు రెమ్మలను మొదలంట తీసివేయవలెను. మొక్కచుట్టు నేలను తేలికగ గుల్లచేసి, బాగుగ మాగిన పశువుల యెరువు పది కిలోలవరకు వేసి, అప్పుడు నిండుగ నీరు పెట్టవలెను. నాలుగైదు వారములకు చిగురు నిండి మొగ్గ కనబడును. ఈ పని ఫాల్గునము దాక జారినయెడల మొదటి పూత చేయిజారును. అప్పుడు మొదలంట కొట్టక, కొనలు తుంచి, ఎండుపుల్ల తీసి ఊరకొనుట మేలు. జాజికిని ఇంచుమించు ఇదే కాలము. గులాబికి ఆశ్వయుజ కార్తికములు సవరించు వేళ గనుక ఇప్పుడు వాడిన పూలను మాత్రము తీయవలెను. అయితే అంటుకట్టుక్రింద వేరునుండి లేచు మొలకలను ఎప్పుడు కనబడిన నప్పుడే తీసివేయవలెను. అంటు చచ్చి అడవిగులాబి పొదయై పెరటినిండ వ్యాపించియుండగా, పూయదేమని ఎరువులు వేయువారు కలరు. నిమ్మకును ఈ మాట వర్తించును.

మందారమును సగమునకు తగ్గింపవచ్చును; అదియు కొత్త రెమ్మల మీదనే పూయును. దాని కొనలయందు తెల్లని పిండివంటి పురుగు గూడుకట్టి యుండిన ఆ కొనలను కోసి, సబ్బునీట ముంచి, దూరముగ పూడ్చవలెను. బొప్పాయి పిండినల్లి యను విదేశపు పురుగు 2008లో కోయంబత్తూరు ప్రాంతమున మన దేశములో మొదట కనబడి బొప్పాయి, మందార, మల్బరీ తోటలను పాడుచేసినది. దానిలో గ్రుడ్లుపెట్టి చంపు ఒక చిన్న కందిరీగను 2010లో ప్యూర్టోరీకోనుండి తెప్పించి విడిచిన తరువాత ఆ యుపద్రవము చాలవరకు అణగినది. ఘాటైన మందు చల్లినయెడల ఆ కందిరీగ చచ్చి పిండినల్లి మిగులును.

జామకు వచ్చు తెల్లదోమ సంగతియు ఇట్టిదే. ఆకు అడుగున తెల్లని మైనపు చుట్టలు, పైన నల్లని మసి, చెట్టు క్రింద జిగురు: ఈ లక్షణములు నేడు నగరములోని కొబ్బరి, అరటి, జామ చెట్లన్నిటిపైన కనబడుచున్నవి. సర్పిలాకార తెల్లదోమ యనబడు ఈ చీడ మధ్య అమెరికా ప్రాంతమునకు చెందినది. మన దేశమున 2016లో పొల్లాచ్చి కొబ్బరితోటలలో గుర్తింపబడి, తరువాత మన కోస్తా జిల్లాలకు వ్యాపించినది. ఎండ ముదిరినకొలది ఇది హెచ్చును. దట్టమైన జామకొమ్మల నడుమ గాలి యాడకుండిన దానికి ఇల్లు కట్టియిచ్చినట్లే. కావున ఒకదానితో నొకటి రాసుకొను కొమ్మలను, లోనికి పెరుగు కొమ్మలను, మొదలునుండి నిలువుగ లేచిన రెమ్మలను ఇప్పుడు తీసి, చెట్టునడుమ వెలుతురు పడునట్లు చేయవలెను. తీసిన ఆకులను వెంటనే తగులబెట్టరాదు. భూతద్దముతో ఆకు అడుగున చూచినయెడల తెల్లదోమ పిల్లల పెంకులలో కొన్నింటికి గుండ్రని రంధ్రముండును. అది మన మిత్రకీటకము లోనుండి వెలువడిన గుర్తు. అట్టి యాకులుగల కొమ్మలను చెట్టుక్రిందనే వారము దినములుంచినచో ఇంకను లోపలనున్న మిత్రకీటకములు వెలువడి పోవును. మిగిలిన చెట్టునకు బలమైన నీటిధారతో ఆకు అడుగులను కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బుతో కలిపి చల్లవలెను. మసికి పలుచని గంజి చల్లిన నది యెండి పెచ్చులుగ రాలునప్పుడు మసియు దానితో రాలిపోవును.

అరటి గుంపులో గెలవేసిన చెట్టునకు తోడుగ బలమైన సూదిపిలక నొకదానిని మాత్రముంచి తక్కినవానిని నేలమట్టమునకు కోయవలెను. కరివేపాకును కొనలు తుంచి గుబురు చేయవలెను. దొండపాదును మొదట రెండడుగులుంచి కొట్టి యెరువు పెట్టినచో కొత్త తీగ సాగును. గన్నేరు విషయమున జాగ్రత్త కావలెను. దాని ఆకు, పువ్వు, కర్ర, పాలు అన్నియు విషము. కొట్టిన కొమ్మలను వీధిలో పడవేసిన మేకలును పశువులును తిని ప్రాణాపాయము పొందును. తగులబెట్టిన పొగయు హానికరము. గోతిలో పూడ్చుట యొక్కటే మార్గము. పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనవలెను.

కొట్టు విధానమును గూర్చి రెండు మాటలు. చెట్టులో పచ్చనిదానిని మూడవవంతునకు మించి ఒక్కసారి తీయరాదు. మితిమీరి తీసినచో అంతవరకు నీడలోనున్న బెరడు చైత్రపు టెండకు పగులును. కణుపు బయటివైపునకు తిరిగియున్న చోటికి కొంచెము పైగా ఏటవాలుగ కత్తిరింపవలెను. పెద్దకొమ్మను పైనుండి ఒక్క పెట్టున కోసినయెడల బరువునకు విరిగి మ్రాను బెరడును చీల్చుకొనుచు పడును. మ్రానుకు జానెడు దూరమున క్రిందినుండి మూడవవంతు కోసి, తరువాత కొంచెము ఆవలగా పైనుండి కోసి కొమ్మను పడవేసి, మిగిలిన మొండెమును మ్రానుదగ్గరి ఉబ్బును విడిచి నున్నగ కోయవలెను. బొటనవ్రేలికంటె లావైన గాయమునకు బోర్డోపేస్టు పూయుట మంచిది. 100 గ్రాముల మైలుతుత్తమును అర లీటరు నీటను, 100 గ్రాముల సున్నమును మరి యర లీటరు నీటను వేరువేరుగ ప్లాస్టికు పాత్రలలోనో కుండలలోనో కరగించి రెండును కలిపిన నది సిద్ధమగును. ఇనుపపాత్ర పనికిరాదు.

కరెంటు తీగల దగ్గరి కొమ్మలను ఇంటివారు ముట్టక విద్యుత్ శాఖవారికి తెలుపవలెను. చెట్టును మొదలంట తీయవలసివచ్చినచో వాల్టా యని వాడుకలోనున్న 2002 నాటి చట్టము క్రింద అనుమతి విషయమును ముందుగ విచారించుకొనవలెను. రంపము, పొడవుపిడి కత్తెర, నిచ్చెన ఏటికి రెండు దినములు కావలసిన సాధనములు. ఇంటికొకటి కొనుటకంటె సంఘసభ్యులు ఒక వీధికి ఒకటిగ కొని మార్చుకొనుట తెలివి. ఒక పెరటినుండి మరియొక పెరటికి పోవునప్పుడు మాత్రము కత్తెరను స్పిరిటుతో తుడువవలెను. తెగుళ్లు కత్తెరతోనే ప్రయాణము చేయును.

కొట్టినదంతయు వీధిలో పోసి నిప్పుపెట్టుట పొరుగువారి కన్నులకును ఊపిరితిత్తులకును శిక్ష. సర్ ఆల్బర్టు హోవర్డు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి ప్రచారమునకు తెచ్చిన కంపోస్టు పద్ధతికి మూలము మన పల్లెల పెంటకుప్పయే. లేతరెమ్మలను, ఆకులను జానెడు మందమున పరచి, పేడనీరు చల్లి, పలుచగ మట్టి కప్పి, మరల వరుస వేసి, తేమ ఆరకుండ నడుమనడుమ తిరుగవేసినచో మృగశిరనాటికి మంచి యెరువగును. అది సరిగా చెట్లు నాటు సమయమే. ఎండుటాకులలో సగము కుప్పకు వేయక వేరుగ నుంచవలెను. పాదులకు పరుపుగ వేయుటకు అవి కావలెను.

*చిక్కుడు దిగిన పందిరిపై బీర*

నాటుపనికి తావు ఎక్కడనని యడిగినచో, ముందుగా పందిరి. వానకాలమున వేసిన చిక్కుడు చలిదినములలో కాసి, రథసప్తమినాడు సూర్యునికి ఆకులపై నైవేద్యము పెట్టి కాయలతో రథము చేసిన పిమ్మట దాని కాలము తీరినట్లే. పొద్దు పొడవైనకొలది పూత తగ్గి, తీగ ముదిరి, పేనుబంక చేరును. విత్తనమునకు ఎండుకాయలు తీసికొని, తీగను నేలమట్టమునకు కోసి వేళ్లను నేలలోనే విడిచిపెట్టవలెను. చిక్కుడు వేళ్ల బుడిపెలలోని నత్రజని తరువాతి పాదునకు బలము. ఆ పందిరిక్రిందనే ధనిష్ఠ కార్తెలో, అనగా ఫిబ్రవరి మొదటి పక్షమున, బీర, ఆనప, పొట్ల గింజలు పెట్టవలెను.

ఈ తేదీకి కారణము కలదు. ఈ జాతి తీగలన్నిటికిని మగపువ్వులు వేరు, ఆడుపువ్వులు వేరు. చల్లని దినములలో, పొట్టి పగళ్లలో ఆడుపువ్వులు హెచ్చును. ఎండ ముదిరి పగలు పొడవైనకొలది మగపువ్వులు హెచ్చును. మాఘమున పెట్టిన గింజకును చైత్రమున పెట్టిన గింజకును ఒకే తీగ వచ్చినను, ఒకే కాపు రాదు. తీగనిండ పువ్వులుండియు కాయ లేదని చెప్పు ఇండ్లలో చాలవరకు ఆలస్యమే కారణము. మరియొక కారణము పట్టణమునకు ప్రత్యేకము. బీర, ఆనప పువ్వులు సాయంకాలము విచ్చును. చీకటిపడినపుడు తిరుగు చిమ్మటలు వానిని దర్శించును. నలువైపుల దీపములు, వాహనములు గల బెంజ్ సర్కిల్ వంటి చోట వానిని నమ్ముకొని కూర్చుండరాదు. దీపములు పెట్టు వేళ ఒక మగపువ్వును కోసి, రెక్కలు వెనుకకు మడచి, అడుగున చిన్న పిందె గల ఆడుపువ్వు నడుమ మెల్లగ రాచినచో మూడు నాలుగు దినములలో పిందె తలవంచి పెరుగును. ఇంటి పిల్లలకు ఈ పని అప్పగించినయెడల వారు దానిని మరువరు.

గింజలను రాత్రి నీట నానబెట్టి, పాదునకు నాలుగేసి పెట్టి, మొలచిన తరువాత బలమైనవానిని రెంటిని మాత్రముంచవలెను. రెండాకుల దశలో ఎర్రని పెంకుపురుగు ఆకును జల్లెడ చేయును; తెల్లవారగనే మంచు తడిమీద కట్టెల బూడిద చల్లుట మన పెద్దలు చేయు పనియే. పండుఈగ కుట్టి వంకరపోయిన పిందెలను చెట్టుక్రింద విడువక లోతుగ పూడ్చవలెను.

పందిరి లేనివారు కూరదోసను నేలమీదనే పాకింపవచ్చును. బెండకు ఇది మంచి కాలము. అయితే వేసవిలో తెల్లదోమవలన పల్లాకు తెగులు వచ్చును గనుక తట్టుకొను రకము నెన్నుకొని, పసుపువారిన మొక్కను మొదటిదినముననే పెరికివేయవలెను. గోంగూర పొట్టి పగళ్లలో త్వరగ పూతకు వచ్చును. ఇప్పటినుండి పగలు పొడవగును గాన ఆకు కోసినకొలది చిగిర్చును. తోటకూర, బచ్చలి సరేసరి. కొత్తిమీరయు పాలకూరయు ఎండకు కాడతీసి పోవును. వానిని పందిరినీడన వేసినను ఫాల్గునమువరకే ఆశ. టమాటానారు ఇప్పుడు నాటి వైశాఖమున కాయ కోయుదమని తలచువారు ఎండ 35 డిగ్రీలు దాటిన పిమ్మట పూత నిలువదని తెలిసికొనవలెను.

నీటి సంగతి చూచుకొనకుండ గింజ వేయరాదు. నగరములోనుండి ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ మూడును పారుచున్నవి గదా, మనకు నీటికి లోటేమని యనుకొందుము. వేసవిలో కాలువలు కట్టివేయుట డెల్టాలో ఆనకట్ట నాటినుండి ఎరిగినదే; ప్రకాశం బ్యారేజి 1957లో అక్కరకు వచ్చిన తరువాతను ఆ విరామము పూర్తిగ పోలేదు. కాలువ ఊటతో నిండు బావులు ఆ దినములలో దిగును. గొట్టపుబావి నీరు కొన్నిచోట్ల ఉప్పన. పాదుచుట్టు తెల్లని పొర కట్టిన నది గుర్తు. కావున ఏప్రిల్ మే మాసములలో ఇంటిలో బియ్యము, కూరలు కడిగిన నీరు ఎన్ని బిందెలు మిగులునో లెక్కవేసికొని, అన్ని పాదులకు మించి పెట్టకుండుట వివేకము. రెండు పాదుల నడుమ పూతపూయని మట్టికుండను మెడవరకు పాతి, నీటితో నింపి మూతపెట్టినచో నీరు చెమ్మగిలి వేళ్లకు మాత్రమే అందును. మూడు దినములకొకసారి నింపిన చాలును. పైన ఎండుటాకులు నాలుగంగుళములు పరచవలెను. సున్నము, గరుసు గల నేలలో పాదును రెండడుగుల లోతు త్రవ్వి పెళ్ళలనేరి, ఒండ్రుమట్టియు ఎరువును సమముగ నింపుట తప్పదు.

ఇక చెట్లు. కడియపులంక నర్సరీల మొక్కలు లారీలలో వచ్చి విజయవాడ రహదారి ప్రక్కల ఫిబ్రవరిలోనే కన్నుల పండువుగ నిలుచును. కొనుటకు అభ్యంతరము లేదు. నాటుటకే తొందర కూడదు. కొన్న మొక్కను సంచితోనే తూర్పుగోడ నీడన, లేదా పందిరి యంచున నుంచి, ఉదయముననే తడుపుచు వేసవి దాటింపవచ్చును. సంచి క్రిందినుండి వేరు నేలలోనికి దిగకుండ ఇటుకపై నుంచవలెను. ఈలోగా గోయి త్రవ్వవలెను. మామిడికి గజము పొడవు, గజము వెడల్పు, గజము లోతు. జామకును నిమ్మకును అందులో సగము చాలును. పైమట్టి నొకప్రక్కను అడుగుమట్టి నొకప్రక్కను పోసి భరణి, కృత్తిక, రోహిణి కార్తెల యెండకు విడువవలెను. రోళ్లు పగులగొట్టు ఆ యెండకు చెదలును పురుగుల గ్రుడ్లును మాడును. రేగడి పెళ్ళలు తామే విరిగి గుల్లయగును. పెరటిలో పిల్లలు తిరుగుచుందురేని గోతిపై కంప వేయవలెను.

జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర ప్రవేశించును. మొదటి వాన పడగనే నాటక, రెండు మంచి వానలు పడి గోతి అడుగు తడియువరకు నిలిచి, పైమట్టిని మాఘపుకొమ్మల కంపోస్టుతో కలిపి నింపి, నేలమట్టమునకు జానెడు మెరకగ చేసి, మరల నొక వానకు దిగనీయవలెను. తరువాత సంచిని చీల్చి మట్టిగడ్డ విరుగకుండ నుంచి, అంటుకట్టు నేలకు జానెడు పైన నుండునట్లు నాటి, గాలివైపున కర్ర పాతి వదులుగ కట్టవలెను. నూజివీడు చిన్నరసమైనను, బంగినపల్లియైనను, చక్కెరకేళి పిలకయైనను ఈ వేళ నాటినచో తొలి నాలుగు మాసములు వాననీటితోనే పెరుగును. పందిరిమీది బీరతీగ అప్పటికి ఎండియుండును. దానిని తీసి చిక్కుడుగింజ పెట్టుటకు అదియే అదను.